రెండు నిమిషాలు

రైలు ఆలస్యమైతే విసుగుకొనని ప్రయాణికుడు అరుదు. ఆ ఆలస్యమే ఒక్కొక్కప్పుడు బండిని నడిపేవాని ప్రాణరక్ష.

విజయనగరం జిల్లా కంటకాపల్లి సమీపాన 2023 అక్టోబరు 29 రాత్రి, మెల్లగా పోవుచున్న పలాస పాసెంజరును రాయగడ పాసెంజరు వెనుకనుండి ఢీకొన్నది. 14 మంది మరణించారు. చెడిన ఆటోమేటిక్ సిగ్నలు వద్ద రెండు నిమిషాలు ఆగి, పిదప గంటకు 10 కిలోమీటర్లకు మించక సాగవలెనని నిబంధన. రాయగడ బండి దానిని పాటింపలేదని ప్రాథమిక విచారణ తేల్చింది. బదులు చెప్పుటకు డ్రైవరు లేడు, సహాయకుడు లేడు. ముందుబండి గార్డూ పోయినాడు. సిగ్నలు చెడినా బండ్లు నిలిచిపోరాదు గదా! ఆ భారమంతా ఇంజనులోని ఇద్దరి ఓర్పుపై పడింది.

ప్రమాద సమయాన బండిని తానే నిలుపగల ‘కవచ్’ను లింగంపల్లి–వికారాబాదు–వాడి మార్గాన 2016లోనే పరీక్షించారు. ఏడేండ్లు గడిచినా అది కంటకాపల్లికి చేరలేదు.