త్రాగుడు మానుటకు తొలి మెట్టు

త్రాగుడు మాన్పించుటకు మన గ్రామములలో వాడుకయందున్న ఉపాయములు కొన్ని కలవు. తిట్టుట, నలుగురిలో నిలదీయుట, బిడ్డ తలపై చేయి వేయించి ఒట్టు పెట్టించుట, పుట్టింటికి పోయెదనని బెదరించుట. ఇవేవియు ఫలింపనపుడు కొందరు ఇల్లాండ్రు ఎవరో చెప్పిన మాట విని, భర్తకు తెలియకుండ కూరలో మందు కలుపుచున్నారు. వారి బాధ మేమెరుగనిది కాదు. కాని ఆ పనిలోని ప్రమాదమును, దానికి మారుగా చేయదగిన దానిని తెలుపుట మా విధియని తలచి ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

వైద్యులు వాడు మందులలో డైసల్ఫిరామ్ అను మాత్ర ఒకటి. దీనిని వేసికొన్నవాడు మద్యము త్రాగినచో ముఖము ఎర్రబడును, గుండెదడ పుట్టును, వాంతులగును, రక్తపోటు పడిపోవును. ఒక్కొక్కప్పుడు ప్రాణమునకే ముప్పు వాటిల్లును. కనుక రోగి తెలిసి, సమ్మతించి, వైద్యుని పర్యవేక్షణలోనే దీనిని వాడవలెను. తెలియక తినినవాడు ఎప్పటివలెనే సాయంకాలము అంగడికి పోవును. తరువాత జరుగు అనర్థమునకు ఇల్లాలే జీవితాంతము కుమిలిపోవలసి వచ్చును.

మానవలెనను కోరిక పైనుండి పోయునది కాదు, లోపల పుట్టవలసినది. అది ఒక్క దినమున పుట్టునది కూడ కాదు. 1983లో అమెరికా మనోవైజ్ఞానికులు ప్రొచాస్కా, డిక్లెమెంటె అనువారు పొగత్రాగుట మానిన వారిని పరిశీలించి, మార్పు మెట్టుమెట్టుగా వచ్చునని తెలిపిరి. మొదట తనకు బాధ ఉన్నదనియే మనిషి ఒప్పుకొనడు. పిదప ఒప్పుకొనును గాని ఊగిసలాడును. అటుపిమ్మట సిద్ధపడును, మానును, మానిన దానిని నిలుపుకొనుటకు పాటుపడును. ఊగిసలాడువానిని గద్దించినచో అతడు త్రాగుడు పక్షమున వాదించును. వాదించిన కొలది ఆ పక్షమే బలపడును. ఈ సంగతిని గుర్తించి, అదే సంవత్సరము విలియం మిల్లర్ అను మరియొక మనోవైజ్ఞానికుడు రోగి నోటనే కారణములు పలికించు సంభాషణ పద్ధతిని ప్రకటించెను.

ఆ పద్ధతి ఎట్టిదో ఒక ఉదాహరణ చూతము. ఆసుపత్రికి వచ్చిన ఒక కౌలురైతును వైద్యుడు, “పదింటికి ఎన్ని పాళ్లు మానవలెనని ఉన్నదయ్యా?” అని అడిగెననుకొందము. “మూడు పాళ్లు ఉండునండి” అని జవాబు. “అంతేనా?” అని వైద్యుడు ఈసడింపడు. “ఒకటి అనక మూడు అంటివి. ఏమి కారణము?” అని అడుగును. రైతు కొంత తడవు ఊరకుండి, “నేను ఇల్లు చేరు వేళకు మా అమ్మాయి పక్కింటికి పోవుచున్నదండి” అనును. నూరు తిట్లు చేయలేని పనిని ఆ ఒక్క మాట చేయగలదు. ఏలయన అది అతని స్వంత మాట.

అయ్యప్ప మాల వేసికొని 41 దినములు చుక్క ముట్టనివారు మన గ్రామములలో కలరు. మాల తీసిన పిదప వారిలో కొందరు మరల మొదలిడుదురు. అంతమాత్రమున వారికి శక్తి లేదనుట పొరపాటు. శక్తి కలదని దీక్షయే ఋజువు చేసినది. దీక్ష ముగిసిన మరునాటికి తమదైన కారణమొకటి వారికి కావలసియున్నది.

అయితే, మనస్సు కుదిరినది గదా అని నిత్యము విస్తారముగా త్రాగువాడు ఇంటిలో హఠాత్తుగా మానరాదు. మానిన కొలది గంటలలోనే చేతులు వణకును, చెమటలు పట్టును, నిద్ర పట్టదు. రెండు దినముల లోపల మూర్ఛ రావచ్చును. రెండు మూడు దినములకు లేనివి కనబడి, వినబడి, మతి భ్రమించుటయు కలదు. ఇది దయ్యము కాదు, గాలి సోకుట కాదు. వెంటనే ఆసుపత్రికి చేర్పవలెను. అచ్చట తగిన మందులును, బి1 విటమినును ఇచ్చి ఈ గండము దాటింతురు. కోరికను తగ్గించు నాల్ట్రెక్సోన్ వంటి మందులు కూడ నేడు కలవు.

మానినవాడు మరల ఒకనాడు త్రాగినచో ఇంటిల్లిపాదియు నిరాశ చెందుదురు. మధుమేహ రోగికి చక్కెర పెరిగినచో చికిత్స వ్యర్థమని ఎవరును అనరు గదా! ఇదియు అట్టిదే. ఏ దినమున, ఎవరితో, ఏ దిగులుతో త్రాగెనో నెమ్మదిగా తెలిసికొని, తిరిగి వైద్యుని కడకు పంపవలెను.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారాపై తిరుగబడిరి. 1993లో సారా నిషేధమును, 1995లో సంపూర్ణ మద్యనిషేధమును వచ్చినవి. 1997లో ఆ నిషేధము సడలింపబడినది. అంగడులు మూసినను తెరచినను, వ్యసనమునకు లోబడినవానికి చికిత్స అవసరమే. అయినను 2019లో కేంద్ర ప్రభుత్వము ప్రకటించిన జాతీయ సర్వే ప్రకారము, మద్యమునకు బానిసలైన ప్రతి 38 మందిలో ఒక్కరు మాత్రమే ఏదేని చికిత్స పొందిరి. తక్కిన 37 మంది మన ఇండ్లలోను, మన అరుగులమీదను ఉన్నారు.

కావున సోదరీమణులారా, కూరలో మందు కలుపకుడు. అతడు త్రాగని వేళ చూచి, తెల్లవారి పొలమునకు పోవుటకు ముందో, పండుగనాడో, దగ్గర కూర్చుండి, “నీకేమనిపించుచున్నదయ్యా?” అని ఒక్కసారి అడుగుడు. అతడు చెప్పునది చివరివరకు వినుడు. అయితే అతడు చేయి చేసికొనువాడైనచో, ముందు మీరును పిల్లలును క్షేమముగా ఉండుట ముఖ్యము. పెద్దల సాయము, పోలీసు సాయము కోరుటకు సంకోచింపకుడు. సమీప ప్రాథమిక ఆరోగ్య కేంద్రమున వైద్యుని సలహా పొందవచ్చును. వ్యసన విముక్తికై 14446, మానసిక ఆరోగ్యమునకై 14416 నంబర్లకు రుసుము లేకుండ ఫోను చేయవచ్చును. భర్త ఇంకను ఒప్పుకొనకపోయినను, ఇల్లాలు తానే ఫోను చేసి సలహా పొందవచ్చును. తొలి మెట్టు ఆమె ఎక్కినను మంచిదే.