శీతల పానీయాలు – మన పళ్ళు

"కోలాలో పన్ను వేస్తే తెల్లారేసరికి కరిగిపోతుందట!" అనే మాట వినని హాస్టలు విద్యార్థి ఉండడు. రసాయన శాస్త్రం చదువుకుంటున్న నాకు ఇందులో కొంతే నిజం కనిపిస్తుంది. పన్ను ఒక్క రాత్రిలో మాయం కాదు. పైగా మన నోరు గాజుగ్లాసు కాదు. అందులో లాలాజలం నిరంతరం ఊరుతూ పళ్ళను కాపాడుతుంటుంది. అలాగని ఆ మాటను పూర్తిగా కొట్టిపారెయ్యడానికీ వీల్లేదు.

పంటిపై ఉండే ఎనామిల్ పొర మన శరీరంలోకెల్లా గట్టి పదార్థం. కాల్షియం, ఫాస్ఫేటులతో కూడిన హైడ్రాక్సీ ఎపటైట్ స్ఫటికాలే అందులో ముఖ్యభాగం. ఇంత గట్టిదీ ఆమ్లానికి లొంగుతుంది. నోటిలో పి.హెచ్. సుమారు 5.5 కంటే తగ్గితే ఈ స్ఫటికాలు కరగడం మొదలెడతాయి. కోలా పి.హెచ్. సుమారు 2.5. తేడా మూడే కదా అనుకోకండి. పి.హెచ్. లెక్కలో ఒక్కో అంకెకీ పదిరెట్లు. అంటే ఆమ్లత్వం వెయ్యి రెట్లన్నమాట! కోలాలో ఫాస్ఫారిక్ ఆమ్లం, నిమ్మ, నారింజ రుచుల పానీయాల్లో సిట్రిక్ ఆమ్లం ఈ పని చేస్తాయి.

రెండో శత్రువు పంచదార. 300 మిల్లీలీటర్ల కోలాలో ఇది సాధారణంగా 30 గ్రాముల దాకా ఉంటుంది. పళ్ళ మీది పాచిలో కాపురమున్న స్ట్రెప్టోకాకస్ మ్యూటన్స్ వంటి బాక్టీరియా దాన్ని తిని లాక్టిక్ ఆమ్లం తయారుచేస్తాయి. పిప్పిపళ్ళకు మూలం ఇదే. పంచదార లేని "డైట్" రకాలతో ఈ బెడద తప్పుతుంది గాని, మొదటిది తప్పదు.

లాలాజలం ఆమ్లాన్ని విరిచి, కరిగిన ఖనిజాల్ని కొంతవరకు తిరిగి పంటికి అందిస్తుంది. అందుకు దానికి అరగంటో, గంటో వ్యవధి కావాలి. అసలు కీలకం ఇక్కడే ఉంది. భోజనంతోపాటు ఒక సీసా ఐదు నిమిషాల్లో తాగేస్తే కొంతసేపటికి నోరు తేరుకుంటుంది. అదే సీసాను పుస్తకాల పక్కన పెట్టుకుని, పరీక్షల ముందు రాత్రి తొమ్మిది నుంచి పన్నెండు దాకా పావుగంటకో గుక్క చప్పరిస్తే ఆ మూడు గంటలూ పళ్ళకు తెరిపి ఉండదు. "నేను తాగింది ఒక్కటేగా!" అంటాడు మా రూమ్మేటు. సీసా ఒక్కటే, దాడులు పన్నెండు! ఆపైన అలాగే పడుకుంటే మరీ ప్రమాదం. నిద్రలో లాలాజలం ఊరడం బాగా తగ్గిపోతుంది.

పూర్తిగా మానెయ్యమంటే ఎవరూ వినరని తెలుసు. తాగితే భోజనంతో తాగండి, త్వరగా ముగించండి, తర్వాత మంచినీళ్ళతో పుక్కిలించండి. వెంటనే బ్రష్షు మాత్రం పట్టుకోవద్దు. ఆమ్లానికి మెత్తబడ్డ ఎనామిల్ అరిగిపోతుంది. కనీసం అరగంట ఆగండి. రాత్రి చదువుకు మంచినీళ్ళే మేలు.

విరిగిన ఎముక అతుక్కుంటుంది. ఎనామిల్ అలా కాదు. దాన్ని తయారుచేసే కణాలు పన్ను బయటికి వచ్చేసరికే అంతరిస్తాయి. అరిగిపోయిన పొరను శరీరం మళ్ళీ పుట్టించలేదు. పళ్ళు జివ్వుమన్నాక డాక్టరు దగ్గరికి పరుగెత్తడం చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే. మనకింకా ఇరవై ఏళ్ళే. ఈ పళ్ళతోనే మరో యాభై ఏళ్ళు నమలాలి మరి!