అగ్నికి ఇచ్చిన రత్నహారము



ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతములవారికి మంత్రాలయము పరాయి ఊరు కాదు. పంట చేతికి వచ్చినను, పెండ్లి కుదిరినను తుంగభద్రలో స్నానమాడి శ్రీ రాఘవేంద్రస్వామివారి బృందావనమును దర్శించుట మనలో ఎన్నో యిండ్ల ఆచారము. ఆ స్వామివారి చరిత్రలో ఒక రత్నహారపు కథ కలదు. దాని అంతరార్థమును నేడు విచారింతము.

17వ శతాబ్దమున తంజావూరు సీమను క్షామము పీడించెను. పాలకుడైన విజయరాఘవ నాయకుని ప్రార్థనపై స్వామివారు యజ్ఞము చేయింపగా వానలు కురిసెనని సంప్రదాయము. కృతజ్ఞుడైన రాజు అమూల్యమైన రత్నహారమును సమర్పించెను. స్వామివారు దానిని అందుకొని హోమాగ్నికి ఆహుతిగా నొసగిరి. రాజు ముఖము చిన్నబోయెను. అది గ్రహించిన స్వామివారు కుండములో చేయి పెట్టి, కందని చేతితో, వన్నె తగ్గని హారమును వెలికి తీసి చూపిరి.

రాజు ఏల చింతించెను? పచ్చలు, వజ్రములు పొదిగిన పాతకాలపు పతకమునొకదానిని తలచుకొనుడు. వజ్రము మన సీమకు క్రొత్త కాదు. తొలకరి కురియగానే తుగ్గలి, జొన్నగిరి చేలలో జనులు నేటికిని దానికై వెదకుచునే యుందురు. అన్నిటికంటె కఠినమైన ఆ రాయియు బొగ్గునకు రూపాంతరమే. సుమారు 850 డిగ్రీల వేడిలో గాలి తగిలినచో మండి, బొగ్గుపులుసు వాయువై పోవును. పచ్చ మరింత సుకుమారము. ఆ కాలమున మేలిమి పచ్చలు దక్షిణ అమెరికాలోని కొలంబియా గనులనుండి ఓడలపై గోవా రేవునకు వచ్చెడివి. సన్నని చీలికలు లేని పచ్చ అరుదు. వేడి తగిలిన ఆ చీలికలు పెరిగి రాయి పగులును. బంగారమైనను 1064 డిగ్రీలకు కరగును. కావున రాజు చింత లోకసహజమే.

కాని తప్పు ఎచ్చట నున్నది? హోమమున ప్రతి ఆహుతికిని "ఇది నాది కాదు" అని పలుకుదుము. రాజు చేయి హారమును విడిచెను, మనస్సు విడువలేదు. స్వామివారు అగ్నినుండి తీసినది హారమును మాత్రమే కాదు, రాజు హృదయమున దాగిన "నాది" అను మాటను గూడ.

ఆ మహనీయుడే పిమ్మట ఆదోని పాలకుడగు సిద్ది మసూద్ ఖాన్ సారవంతమైన గ్రామమునిచ్చెదనన్నను వలదని, మెట్టభూమియైన మంచాలను కోరిరి. అది ప్రహ్లాదుడు యజ్ఞము చేసిన చోటని ఆయన భావము. 1671లో అచ్చటనే బృందావన ప్రవేశము చేసిరి. ఆ మంచాలయే నేటి మంత్రాలయము.

అమ్మ మెడలోని పతకము పంపకముల నాడు అన్నదమ్ములను, అక్కచెల్లెండ్రను విడదీయుట మనము చూచుచున్నాము. దేవునికి నగ చేయించి, ఉత్సవమున అది కనబడలేదని అర్చకునిపై అలుగువారును కలరు. నిప్పు తగులకయే ఆ నగలు వారి మనస్సులను కాల్చుచున్నవి. ఇచ్చునది గుంజెత్తు బంగారమైనను, గుప్పెడు జొన్నలైనను, మనసార విడిచి యిచ్చుటయే దానము.

శ్రీకృష్ణార్పణమస్తు.