ఏజెన్సీ రోడ్ల మీద పికప్ బండి పదిహేనేళ్లు నడవాలంటే

పోయిన సీజన్‌లో చర్ల మండలం నుంచి ఒక రైతు 36 బస్తాల మిర్చి వేసుకుని ఖమ్మం మార్కెట్‌కు బయలుదేరాడు. బండి సొంతదే. కొన్నది ఆరేళ్ల క్రితం, ఇంజన్ బాగానే ఉంది. జూలూరుపాడు దాటిన తర్వాత బానెట్ నుంచి ఆవిరి లేచింది. డాష్‌బోర్డ్ మీద ఎర్ర దీపం అంతకు పది నిమిషాల ముందే వెలిగిందట. "మార్కెట్ టైమ్ దాటిపోతుందని ఆపలేదు సార్" అన్నాడు. హెడ్ గ్యాస్కెట్ పోయింది, హెడ్ వంగింది. మిర్చిని ఇంకో బండిలోకి మార్చి పంపేసరికి రోజు గడిచింది, ధర కూడా కాస్త తగ్గింది. ఆ బాడుగ, మెకానిక్ ఖర్చు, ధర నష్టం అన్నీ కలిపితే ఎకరం మిర్చి మీద మిగిలేదంతా పోయినట్టే.

కారణం ఏమిటో తెలుసా? పత్తి నూగు. అంతకు ముందు మూడు నెలలు ఆ బండి పత్తి తోలింది. రేడియేటర్ ముందు భాగం చూస్తే దుప్పటి పరిచినట్టు తెల్లగా ఉంది. గాలి పోయే దారే లేదు.

నేను మెకానిక్‌ను కాను, వ్యవసాయం చదువుకున్నవాడిని. కానీ ఇన్నేళ్లుగా ఈ గోదావరి ఒడ్డు మండలాల్లో తిరుగుతుంటే ఒకటి గమనించాను. చిన్న రైతు దగ్గర భూమి తర్వాత అంత విలువైన ఆస్తి చాలా ఇళ్లలో బండే. ఎడ్లు ఉన్న రోజుల్లో పొద్దున లేవగానే ముందు వాటి దగ్గరికి వెళ్లి చూసేవాళ్లం. బండి దగ్గరికి మాత్రం అది ఆగిపోయాకే వెళ్తున్నాం.

కంపెనీ పుస్తకంలో సర్వీసు గడువులు రాసి ఉంటాయి. అవి మంచి రోడ్ల మీద తిరిగే బండికి. దుమ్ము రోడ్లు, బరువు, ఎండ, వాగులు ఉన్న చోట గడువులు తగ్గించుకోవాలని అదే పుస్తకంలో ఇంకో పేజీలో ఉంటుంది. ఆ పేజీ ఎవరూ చూడరు. దుమ్ముగూడెం, చర్ల, గుండాల, ఆళ్లపల్లి లాంటి మండలాల్లో తిరిగే బండికి వర్తించేది ఆ రెండో పేజీయే.

ముందు గాలి, నీళ్లు

ఫిబ్రవరి నుంచి జూన్ దాకా మన మట్టి రోడ్ల దుమ్ము సంగతి చెప్పక్కర్లేదు. మణుగూరు, కొత్తగూడెం, ఇల్లెందు వైపు తిరిగే బండ్లకు దానికి తోడు బొగ్గు దుమ్ము. ఈ దుమ్ము ఇంజన్ లోపలికి పోతే రింగులు, సిలిండర్ గోడలు అరిగిపోతాయి. టర్బో ఉన్న బండి అయితే దాని రెక్కలూ అరుగుతాయి. పొగ పెరగడం, ఆయిల్ తాగడం, ఎక్కుడులో పికప్ లేకపోవడం అన్నీ ఇక్కడి నుంచే మొదలు.

ఎయిర్ ఫిల్టర్‌ను ఎండాకాలంలో పదిహేను రోజులకొకసారి తీసి చూడండి. కాగితం ఫిల్టర్‌ను నీళ్లతో కడగకూడదు. నేలకేసి కొట్టకూడదు. గాలి పట్టాలంటే తక్కువ ప్రెషర్‌తో లోపలి వైపు నుంచి బయటికి పట్టాలి. చాలామంది బయటి నుంచి లోపలికి కొడతారు, దాంతో దుమ్ము కాగితంలోకి ఇంకా దిగుతుంది. రెండు మూడు సార్లు శుభ్రం చేశాక కొత్తది వేయండి. ఇంకొక పని కూడా ఉంది, ఇది మెకానిక్‌లు కూడా మర్చిపోతారు. ఫిల్టర్ తర్వాత ఇంజన్‌కు పోయే రబ్బరు గొట్టం లోపల వేలు పెట్టి తుడిచి చూడండి. వేలికి ఎర్రమట్టి అంటిందంటే ఎక్కడో క్లిప్పు వదులైంది, లేదా గొట్టం చిట్లింది. అప్పుడు ఎంత కొత్త ఫిల్టర్ వేసినా ప్రయోజనం లేదు.

రేడియేటర్ విషయానికి వస్తే, పత్తి, గడ్డి, వరిపొట్టు తోలే సీజన్‌లో వారానికొకసారి ముందు జాలీ చూడాలి. మెత్తటి బ్రష్, మామూలు నీళ్ల పైపు చాలు. ఇంజన్ వైపు నుంచి ముందుకు నీళ్లు పట్టండి. వాటర్ సర్వీసింగ్ షాపులో పెద్ద ప్రెషర్‌తో కొట్టిస్తే రేకులు వంగి దారి పూర్తిగా మూసుకుపోతుంది. లోపల పోసేది కూలంటే కావాలి. మన బోరు నీళ్లు మరిగించిన గిన్నె అడుగున తెల్లగా ఏం పేరుకుంటుందో ఇంట్లో ఆడవాళ్లను అడగండి. రేడియేటర్ లోపల, ఇంజన్ లోపల అదే పేరుకుంటుంది. దారిలో వేరే గతి లేక బోరు నీళ్లు పోస్తే పోయండి, ఇంటికి రాగానే మొత్తం తీయించి సరైన కూలంట్ నింపించండి. వేడి మీద మూత తీయవద్దు. ముఖం కాలిన వాళ్లను చూశాను.

ఎర్ర దీపం వెలిగితే ఆపాల్సిందే. మార్కెట్ రేపు కూడా ఉంటుంది.

డీజిల్‌లో నీళ్లు

పాత బండ్లకు, ఇప్పటి బండ్లకు పెద్ద తేడా ఇంజెక్టర్ల దగ్గర ఉంది. ఇప్పటి కామన్ రైల్ ఇంజన్లలో డీజిల్ వెయ్యి బార్లకు పైగా ఒత్తిడితో ఇంజెక్టర్లకు చేరుతుంది. మీ బండి టైరులో ఉండే గాలి మూడు నాలుగు బార్లే. అంత ఒత్తిడిలో ఒక్క నీటి బొట్టు, ఒక్క ఇసుక రేణువు చాలు ఇంజెక్టర్ మొన పాడవడానికి. డీజిల్ ఫిల్టర్ వందల్లో వస్తుంది, ఇంజెక్టర్ల సెట్టు వేలల్లో అవుతుంది.

అందుకే క్యాన్లలో అమ్మే డీజిల్ పోయించకండి. లోపలి ఊళ్లలో తప్పదని నాకు తెలుసు. తప్పనప్పుడు క్యాన్‌ను గంటసేపు కదపకుండా ఉంచి, అడుగున ఉన్న లీటరు వదిలేసి, పైది మాత్రం జాలీ గరాటుతో వడగట్టి పోయండి. వానాకాలంలో రాత్రి పూట ట్యాంకు ఖాళీగా ఉంచకండి, ఖాళీ ట్యాంకు గోడలకు చెమ్మ పట్టి నీళ్లవుతాయి. డీజిల్ ఫిల్టర్ అడుగున నీళ్లు వదిలే బోల్టు ఉంటుంది. నెలకొకసారి దాన్ని వదులు చేసి గాజు సీసాలో పట్టి చూడండి. అడుగున బొట్లు కనిపిస్తే శుభ్రమైన డీజిల్ వచ్చేదాకా వదలండి. మీ మెకానిక్‌ను ఒక్కసారి చేసి చూపించమంటే మీరే నేర్చుకుంటారు.

2020 ఏప్రిల్ తర్వాత కొన్న బండ్లు

అవి బీఎస్-6 బండ్లు. పొగ గొట్టంలో మసిని పట్టే ఫిల్టర్ ఉంటుంది, డీపీఎఫ్ అంటారు. అది నిండాక ఇంజన్ తనంతట తానే మసిని కాల్చుకుంటుంది. దానికి వేడి కావాలి, వేడికి వేగం కావాలి. ఊరు నుంచి చేనుకు, చేను నుంచి కల్లానికి రెండు మూడు కిలోమీటర్లే తిరిగే బండిలో అది జరగదు. దీపం వెలుగుతుంది. అప్పుడు పాల్వంచ, కొత్తగూడెం రోడ్డు లాంటి మంచి రోడ్డు మీద అరగంట పాటు ఒకే వేగంతో నడిపితే చాలావరకు సరిపోతుంది. దీపాన్ని వారాల తరబడి వదిలేస్తే షోరూముకు వెళ్లక తప్పదు. "ఆ ఫిల్టర్ పీకేద్దాం అన్నా" అనే మెకానిక్‌లు ఉంటారు. ఒప్పుకోకండి, ఫిట్‌నెస్ దగ్గర దొరికిపోతారు.

మసి కాలేటప్పుడు ఆ గొట్టం దగ్గర వేడి 600 డిగ్రీల వరకు పోతుంది. కాబట్టి బండిని ఎండుగడ్డి మీద, పత్తి కట్టె మీద, అడవిలో రాలిన టేకాకుల మీద ఆపవద్దు. మార్చి, ఏప్రిల్‌లో ఇది బండి ఒక్కదాని విషయం కాదు. కల్లం, అడవి రెండూ పోతాయి.

కొన్ని బండ్లకు డీఈఎఫ్ ద్రావణం పోయడానికి వేరే ట్యాంకు ఉంటుంది. అందులో ఉండేది 32.5 శాతం యూరియా, మిగతాది శుద్ధి చేసిన నీరు. ఈ సంగతి తెలిసినప్పటి నుంచి నన్ను ఇద్దరు ముగ్గురు అడిగారు: "సార్, మన యూరియా బస్తా కలిపి పోసుకోవచ్చా?" వద్దు. చేనుకు వేసే యూరియాకు 2015 నుంచి వేప నూనె పూత ఉంటోంది, అందులో వేరే మలినాలూ ఉంటాయి. దాంతో లోపలి పరికరం మూసుకుపోతుంది, అది చాలా ఖరీదైనది. పైగా సబ్సిడీ యూరియాను పంటకు కాకుండా వేరే పనికి వాడడం నేరం. ఆ 45 కిలోల బస్తా వరికి వేయండి.

ఈ బండ్లకు ఇంజనాయిలు కూడా పుస్తకంలో రాసిన గ్రేడే పోయాలి. పాత బండికి పోసే ఆయిలు పోస్తే డీపీఎఫ్ త్వరగా నిండుతుంది. వారానికొకసారి పొద్దున్నే, చదును నేల మీద, ఇంజన్ వేయకముందు ఆయిల్ గేజి తీసి చూడండి. తగ్గితే అందరూ కంగారు పడతారు, పెరిగితే పట్టించుకోరు. పెరిగిందంటే ఆయిల్‌లో డీజిల్ గానీ కూలంట్ గానీ కలుస్తోందన్నమాట. అది ఇంకా ప్రమాదం.

బరువు గురించి

పికప్ కొనగానే మనవాళ్లు చేయించే మొదటి పని కమాన్ పట్టీలు ఒకటో రెండో ఎక్కువ వేయించడం. బండి వెనక్కి కుంగదు, నిజమే. కానీ ఇరుసు అదే, బేరింగులు అవే, బ్రేకులు అవే, టైర్లు అవే. బండి ఎంత మోయగలదో పట్టీలు నిర్ణయించవు. కుంగకపోవడం వల్ల ఎంత బరువు ఎక్కించామో కంటికి తెలియకుండా పోతుంది, అంతే. మిర్చి బస్తా సుమారు 40 కిలోలు, వడ్ల బస్తా 75 కిలోల దాకా ఉంటుంది. ఆర్‌సీలో రాసిన మొత్తం బరువులోంచి ఖాళీ బండి బరువు తీసేసి, మిగిలినదాన్ని దీంతో భాగిస్తే మీ బండికి ఎన్ని బస్తాలో వస్తుంది. ఆ లెక్కను తలుపు లోపల పెయింట్‌తో రాసి పెట్టుకోండి. ఆయిల్‌పామ్ గెలలు తోలే అశ్వారావుపేట, దమ్మపేట రైతులు వేబ్రిడ్జి చీటీ చూసుకుంటే చాలు.

చింతూరు దాటి మారేడుమిల్లి ఘాట్ దిగేవాళ్లు తక్కువ గేరులో దిగండి. ఎక్కిన గేరులోనే దిగాలని పాత డ్రైవర్లు చెప్పేది సరైన మాటే. బ్రేకు మీద కాలు పెట్టి దిగితే బ్రేకాయిలు మరిగి పెడల్ మెత్తగా లోపలికి పోతుంది. బ్రేకాయిలు గాలిలోని తేమను పీల్చుకుంటుంది, నీరు చేరిన ఆయిలు ఇంకా త్వరగా మరుగుతుంది. రెండేళ్లకొకసారి మార్చడానికి కారణం అదే.

ఇక మిర్చి కోతకు ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చే కూలీలను వెనక నిలబెట్టి తేవడం. మనకు తెలిసిన ఊళ్లలోనే ప్రాణాలు పోయాయి. సరుకు బండిలో మనుషులు ఎక్కితే ప్రమాదం జరిగినప్పుడు బీమా కంపెనీ పరిహారానికి అడ్డం తిరుగుతుంది, కేసు యజమాని మీద పడుతుంది. పిల్లలతో సహా వచ్చే వాళ్లు వాళ్లు. ఆటోలకో, బస్సుకో డబ్బులివ్వండి.

ఏ మార్పులకు డబ్బు పెట్టవచ్చు

సౌండ్ బాక్సులు, రంగు లైట్లు, వెడల్పు టైర్లు నా లెక్కలో పనికిరానివి. వైరింగ్ మధ్యలో కోసి రిలే, ఫ్యూజు లేకుండా అదనపు లైట్లు కలిపితే నిప్పంటుకునే ప్రమాదం ఉంది, వెనక ఉండేది పత్తి. పొగమంచులో మంచి లైట్లు కావాలంటే రిలేతో, ఫ్యూజుతో వేయించండి.

వానలకు ముందు అడుగు భాగానికి తుప్పు పట్టని పూత వేయించడం మంచి ఖర్చు. వేడి పెరిగితే కూత పెట్టే అలారం చిన్న ఖర్చు, చర్ల రైతు దగ్గర అది ఉంటే ఈ కథ వేరుగా ఉండేది. వెనక బాడీ నేల మీద రబ్బరు మ్యాటు వేయండి. ఎరువులు తోలిన రోజు సాయంత్రమే బాడీ కడగాలి. పొటాష్, యూరియా, డీఏపీ అన్నీ చెమ్మ తగిలితే రేకును తింటాయి. మూడేళ్లలో నేల చిల్లులు పడ్డ బండ్లు ఎరువుల దుకాణాల ముందు ఎన్నో కనిపిస్తాయి. పురుగు మందులు తెచ్చిన రోజు అదే బండిలో బియ్యం, దాణా వేయకండి.

జాయింట్ క్రాసులకు, పట్టీల పిన్నులకు గ్రీజు కొట్టే గన్ను ఒకటి కొని ఇంట్లో పెట్టుకోండి. వాగు దాటిన ప్రతిసారీ గ్రీజు కొట్టాలి. ఎలుకలు వైర్లు కొరకడం కూడా మన ఊళ్లలో పెద్ద తలనొప్పి. వడ్లు, మక్కల బస్తాల పక్కన బండి నిలపకపోవడం, రెండు రోజులకోసారి బానెట్ ఎత్తి చూడడం తప్ప నాకు తెలిసిన మంత్రం లేదు.

వరద వచ్చినప్పుడు

2022 జూలై 16న భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు చేరింది. 1986లో 75.6 అడుగులు వచ్చిన తర్వాత అంత నీరు అదే. బూర్గంపాడు, దుమ్ముగూడెం, చర్ల ఊళ్లలో ఎన్నో బండ్లు మునిగాయి. మునిగిన బండ్లలో బాగుపడినవి, పడనివి చూస్తే తేడా ఒక్క దగ్గరే వచ్చింది: నీళ్లు తగ్గగానే తాళం తిప్పారా, లేదా.

ఎయిర్ ఫిల్టర్ ఎత్తు దాకా నీళ్లు వచ్చిన బండిని స్టార్ట్ చేయకూడదు. తోసి కూడా స్టార్ట్ చేయకూడదు. సిలిండర్‌లో నీళ్లుంటే పిస్టన్ వాటిని నొక్కలేదు, కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. తెలిసి స్టార్ట్ చేస్తే ఇంజన్ నష్టాన్ని బీమా కంపెనీలు సాధారణంగా ఒప్పుకోవు. బ్యాటరీ తీగ విప్పండి, నీళ్లు ఎక్కడి దాకా వచ్చాయో కనిపించేలా ఫొటోలు తీయండి, బీమా వాళ్లకు చెప్పండి, తర్వాత లాక్కెళ్లి షెడ్డులో చేర్చండి. ఇంజన్, గేరుబాక్సు, వెనక ఇరుసు ఆయిళ్లు మూడూ మార్పించాలి. పాలు కలిపిన టీ రంగులో ఉంటే నీళ్లు చేరినట్టే. వాగులో ఇరుసు మునిగినా ఈ చివరిది చూడండి, వేడిగా ఉన్న ఇరుసు చల్లబడేటప్పుడు నీళ్లను లోపలికి లాక్కుంటుంది.

భద్రాచలంలో మొదటి హెచ్చరిక 43 అడుగులకు, రెండోది 48కి, మూడోది 53కి ఇస్తారు. ఒడ్డు ఊళ్లవాళ్లు మొదటి హెచ్చరిక వినగానే ట్యాంకు నింపి, బండిని మెరక మీద పెట్టండి. రెండో హెచ్చరిక తర్వాత లోతట్టు రోడ్లు మునిగి దారి దొరకదు.

బండికి ఎనిమిదేళ్లు దాటితే ఫిట్‌నెస్ ఏటా చేయించాలి, అంతకు ముందు రెండేళ్లకొకసారి. దాన్ని డిసెంబర్‌లోపు, మిర్చి కోతలు ఊపందుకోకముందే పెట్టుకుంటే బ్రేకులు, లైట్లు, టైర్లు ఎలాగూ చూపించినట్టవుతుంది. రెండో తనిఖీ మే నెలాఖరులో, విత్తనాల హడావిడి మొదలవక ముందు. ఏ తేదీన ఏది మార్చారో, మీటరు ఎంత ఉందో ఒక నోటు పుస్తకంలో రాసి బండిలోనే పెట్టండి. రేపు అమ్మాల్సి వచ్చినా కొనేవాడు ముందు ఆ పుస్తకమే అడుగుతాడు.