విహారనౌకలలో భోజనం, వడ్డన: ఐరోపా, అమెరికా పద్ధతుల తులనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం

విహారనౌకలలోని భోజనాన్ని, వడ్డనను ‘ఐరోపా పద్ధతి’, ‘అమెరికా పద్ధతి’ అని విడదీసి చెప్పడం పర్యాటక రచనలలో పరిపాటి. ఈ విభజనకు మూలం వంటకాలలో ఉందా, నౌకా సంస్థల యాజమాన్యంలో ఉందా, లేక మరొక చోట ఉందా అన్న ప్రశ్నను ఈ వ్యాసం చర్చిస్తుంది. భోజన సమయం, వంటల క్రమం, పానీయాలు, వడ్డన తీరు, బక్షీసు అనే అంశాల ఆధారంగా రెండు పద్ధతులను పోల్చి, వాటి మధ్య అసలు భేదం వడ్డించేవారి జీతాన్ని ఏ రూపంలో, ఎవరు చెల్లిస్తున్నారన్న దానిలో ఉందని నిరూపించడం వ్యాస లక్ష్యం.

కీలకపదాలు: విహారనౌక, బంతి, వడ్డన, సేవారుసుము, బక్షీసు, నావికశ్రమ.

1. ఉపోద్ఘాతం

భోజనం ఒక జాతి సంస్కృతికి అద్దం అన్నది తరచుగా వినిపించే మాట. విహారనౌక విషయంలో ఈ మాటను కొంత జాగ్రత్తగా అన్వయించుకోవాలి. ఇటలీలోనో ఫ్రాన్సులోనో నిర్మించిన నౌక పనామా లేదా బహామాస్ జెండాతో తిరుగుతుంది. దాని ప్రధాన కార్యాలయం మయామీలో ఉంటుంది. వంటవారు, వడ్డించేవారు ఫిలిప్పీన్స్, ఇండోనేషియా, భారతదేశాల నుండి వస్తారు. అటువంటి నౌకలో వడ్డించే భోజనం ఏ దేశానిదని నిర్ణయించడం సులభం కాదు.

యాజమాన్యాన్ని ప్రమాణంగా తీసుకుంటే ఈ చిక్కు మరింత పెరుగుతుంది. అమెరికా సంస్థగా పేరొందిన రాయల్ కరేబియన్‌ను 1968లో స్థాపించినవి నార్వే నౌకా సంస్థలు. 1854లో జెనోవాలో వర్తక సంస్థగా మొదలైన కోస్టా 2000 సంవత్సరంలో పూర్తిగా కార్నివాల్ కార్పొరేషన్ అధీనంలోకి వచ్చింది. బ్రిటిష్ సంప్రదాయానికి ప్రతీకగా భావించే కునార్డ్, జర్మన్ ప్రయాణికుల కోసమే నడిచే ఐడా కూడా నేడు ఆ కార్పొరేషన్‌కు చెందినవే. కనుక ఈ వ్యాసంలో ‘ఐరోపా’, ‘అమెరికా’ అనే పదాలు యజమాని జాతీయతను కాక, నౌక ఏ ప్రయాణికులను ఉద్దేశించి నడుస్తున్నదో దానిని సూచిస్తాయి.

2. చారిత్రక నేపథ్యం

అట్లాంటిక్ మహాసముద్రాన్ని దాటించే పెద్ద నౌకలలో భోజనం తరగతులవారీగా ఉండేది. మొదటి తరగతివారి భోజనశాలలోకి మూడవ తరగతివారికి ప్రవేశం లేదు. 1905లో జర్మన్ నౌక ‘అమెరికా’లో రిట్జ్ పేరుతో ఒక ప్రత్యేక రెస్టారెంటు వెలిసింది. టికెట్టులో చేరని ధర చెల్లించి, కోరిన వంటకాన్ని తెప్పించుకునే వీలు అక్కడ ఉండేది. నేటి నౌకలలో అదనపు రుసుము తీసుకునే ‘స్పెషాలిటీ రెస్టారెంట్ల’కు ఇది పూర్వరూపం. 1935లో తొలి ప్రయాణం చేసిన ఫ్రెంచి నౌక ‘నార్మండీ’లోని మొదటి తరగతి భోజనశాల పొడవు సుమారు 93 మీటర్లు. ఆనాటి నౌకా సంస్థలు భోజనాన్ని దేశ ప్రతిష్ఠకు చిహ్నంగా భావించాయనడానికి ఇది నిదర్శనం.

1958లో అట్లాంటిక్ మీదుగా జెట్ విమానాలు మొదలైన తరువాత ఈ నౌకల అవసరం వేగంగా తగ్గింది. ఆ ఖాళీలో మయామీ కేంద్రంగా కొత్త వ్యాపారం పుట్టింది. 1966లో నార్వీజియన్ కరేబియన్ లైన్, 1972లో కార్నివాల్ రంగంలోకి వచ్చాయి. వీటి లక్ష్యం గమ్యం చేర్చడం కాదు, మధ్యతరగతి అమెరికన్ కుటుంబానికి కొద్దిరోజుల విహారాన్ని అందించడం. అందుకు తగినట్లు పాత తరగతుల గోడలు తొలగి, అందరికీ ఒకే ప్రధాన భోజనశాల ఏర్పడింది. ఐరోపాలో పాత నౌకా సంప్రదాయాన్ని కొందరు కొనసాగించారు, మరికొందరు దానికి భిన్నమైన మార్గాన్ని వెతికారు.

3. బంతులు, భోజన సమయం

వేలమంది ప్రయాణికులకు ఒక్కసారిగా వడ్డించడం సాధ్యం కాదు. అందువల్ల రాత్రి భోజనాన్ని రెండు ‘సిట్టింగు’లుగా విభజించడం నౌకలలో చాలాకాలంగా ఉన్న ఏర్పాటు. తెలుగువారి పెళ్లి భోజనాలలో తొలిబంతి, మలిబంతి అన్న మాటలకు ఇది సరిగ్గా సరిపోతుంది. అమెరికా నౌకలలో తొలిబంతి సాయంత్రం 6 గంటల ప్రాంతంలో మొదలవుతుంది. మధ్యధరా సముద్రంలో ఇటాలియన్, స్పానిష్ ప్రయాణికులు ఎక్కువగా ఉండే నౌకలలో రెండు బంతులూ వెనక్కి జరుగుతాయి, మలిబంతి 9 గంటలు దాటాక కూర్చోవడం అక్కడ సహజం.

నిర్ణీత బల్ల, నిర్ణీత సమయం అనే నియమాన్ని సడలించినవి అమెరికా సంస్థలే అన్న అభిప్రాయం బలంగా ఉంది. నార్వీజియన్ సంస్థ 2000లో ‘ఫ్రీస్టైల్’ పేరుతో ప్రవేశపెట్టిన విధానం ఇందుకు కారణం. కాని అంతకు నాలుగేళ్ల ముందే, 1996లో, తొలి ఐడా నౌక జర్మన్ సెలవు క్లబ్బుల తరహాలో నిర్ణీత బల్లలను, లాంఛనప్రాయమైన దుస్తుల నియమాలను పక్కన పెట్టింది. బఫే భోజనమే అక్కడ ప్రధానం. కనుక ‘ఐరోపా అంటే లాంఛనం, అమెరికా అంటే స్వేచ్ఛ’ అన్న సమీకరణం చారిత్రకంగా నిలవదు.

తరగతుల విషయంలోనూ ఇదే గమనించవచ్చు. ప్రయాణికుడు తీసుకున్న గదిని బట్టి భోజనశాలను నిర్ణయించే పాత పద్ధతిని కునార్డ్ ఇప్పటికీ పాటిస్తోంది. బ్రిటానియా రెస్టారెంటు, ప్రిన్సెస్ గ్రిల్, క్వీన్స్ గ్రిల్ అనే అంతరాలు అందులో ఉన్నాయి. ఎమ్మెస్సీ సంస్థ 2008లో ‘యాట్ క్లబ్’ను, ఆ తరువాత నార్వీజియన్ సంస్థ ‘ది హేవెన్’ను ప్రవేశపెట్టి, అధిక ధర చెల్లించినవారికి వేరే భోజనశాలలను ఏర్పరచాయి. అమెరికా విహారనౌక ఒకప్పుడు తొలగించిన పంక్తిభేదం ఈ విధంగా రెండు ఖండాల నౌకలలోనూ తిరిగి వచ్చింది.

4. వంటల క్రమం

వంటకాల కన్నా వంటల క్రమంలో భేదం స్పష్టంగా కనిపిస్తుంది. ఇటాలియన్ భోజనంలో పాస్తా లేదా రిసొట్టో ఒక స్వతంత్రమైన అంకం. అది చిన్న ఆరంభ వంటకం తరువాత, మాంసం లేదా చేపల వంటకానికి ముందు వస్తుంది. అమెరికా భోజనక్రమంలో ఆ అంకం లేదు. అక్కడ పాస్తా ప్రధాన వంటకాలలో ఒకటిగానో, పక్కన వడ్డించే పదార్థంగానో మిగులుతుంది. అమెరికా ప్రయాణికుడు ఇటాలియన్ నౌకలో వడ్డించే పరిమాణం తక్కువని భావించడానికి ఒక కారణం ఇదే. నాలుగు అంకాలకు పంచిన భోజనాన్ని అతడు మూడు అంకాల కొలతతో చూస్తాడు.

ఈ భేదం పదాలలోనూ నిలిచి ఉంది. ఫ్రెంచిలో ‘ఆంట్రే’ అంటే ప్రవేశం. నేటి ఫ్రెంచి భోజనపట్టికలో అది ఆరంభ వంటకం. అమెరికా ఇంగ్లీషులో అదే పదానికి ప్రధాన వంటకం అని అర్థం. ఒకే పదం రెండు నౌకలలో రెండు వేర్వేరు పళ్లేలను సూచిస్తుంది.

5. నీరు, మద్యం

భోజనబల్ల మీది నీరు చిన్న విషయంగా కనిపించినా, పోలికకు అది మంచి ఆధారం. అమెరికా నౌకలో కూర్చోగానే మంచుముక్కలు వేసిన నీరు ఉచితంగా వస్తుంది. మధ్యధరా యాత్రలలోని ఇటాలియన్ తరహా నౌకలలో రెస్టారెంట్లలో సీసా నీటిని కొనుక్కోవడం ఆనవాయితీ. ఇందులో పిసినారితనం లేదు. ఇటలీలోని హోటళ్లలో సీసా నీరు కొనడం మామూలు కాబట్టి నౌక ఆ అలవాటును అనుసరించింది.

మద్యం విషయంలో ఈ స్థితి తారుమారవుతుంది. ఐడా నౌకల బఫే రెస్టారెంట్లలో భోజనవేళ వైన్, బీరు ధరలోనే కలిసి ఉంటాయి. నార్వేకు చెందిన టోర్‌స్టైన్ హాగెన్ స్థాపించిన వైకింగ్ సంస్థ మధ్యాహ్న, రాత్రి భోజనాలతో పాటు వైన్, బీరు ఇస్తుంది. భోజనంలో వైన్ ఒక భాగమన్న భావన దీనికి మూలం. అమెరికా ప్రజాదరణ నౌకలలో మద్యం భోజనానికి వెలుపలి వస్తువు. అది విడిగా అమ్ముడై సంస్థకు ప్రధాన అదనపు ఆదాయమవుతుంది. అమెరికాలో 1920 నుండి 1933 వరకు సాగిన మద్యనిషేధ కాలంలో తీరజలాలు దాటగానే ఐరోపా నౌకలలో మద్యం దొరకడం వాటికి ప్రత్యేక ఆకర్షణగా ఉండేది.

6. వడ్డన తీరు

వడ్డన శాస్త్రంలో మూడు ప్రధాన పద్ధతులను చెబుతారు. అన్ని పాత్రలనూ ఒకేసారి బల్ల మీద ఉంచేది పాత ఫ్రెంచి పద్ధతి. ఒక్కొక్క వంటకాన్ని వరుసగా తెచ్చి అతిథికి వడ్డించేది 19వ శతాబ్దంలో వ్యాపించిన రష్యన్ పద్ధతి. వంటశాలలోనే పళ్లెంలో అమర్చి తెచ్చేది అమెరికా పద్ధతి. నేడు రెండు ఖండాల నౌకలూ ఎక్కువగా మూడవ పద్ధతినే పాటిస్తున్నాయి. ఒకే రాత్రి రెండు బంతులకు వేలాది పళ్లేలు పంపవలసిన వంటశాలకు అది అనుకూలం.

భేదం వడ్డించేవారి మాటతీరులో ఉంది. అమెరికా నౌకలలో వడ్డించేవారు తమ పేరు చెప్పి పరిచయం చేసుకుంటారు, ప్రయాణికుని పేరు గుర్తుంచుకుంటారు, కొన్ని నౌకలలో భోజనశాలలోనే పాడి ఆడతారు. ఐరోపా భావన ప్రకారం అడిగినప్పుడు వచ్చి, మిగిలిన సమయంలో బల్ల దరికి రాకపోవడమే మర్యాద. దీనిని అమెరికా ప్రయాణికులు ఉదాసీనతగా, అమెరికా చొరవను ఐరోపావారు అతిచనువుగా అర్థం చేసుకునే అవకాశం ఉంది. ఎమ్మెస్సీ, కోస్టా నౌకలలో ప్రకటనలు ఇటాలియన్, ఇంగ్లీషు, ఫ్రెంచి, జర్మన్, స్పానిష్ భాషలలో వరుసగా వినిపిస్తాయి. అంతటి బహుభాషా వాతావరణంలో దీర్ఘ సంభాషణ కంటే క్లుప్తత సహజమవుతుంది.

7. బక్షీసు, జీతం

“వడ్డించేవాడు మనవాడైతే కడబంతిన కూర్చున్నా ఒకటే” అన్నది తెలుగు సామెత. బంధుత్వం లేని చోట వడ్డించేవానిని ‘మనవాడి’గా చేసుకునే సాధనం బక్షీసు. దీనిని అమెరికా, ఐరోపా సమాజాలు వేర్వేరుగా స్థిరపరచుకున్నాయి. అమెరికాలో 1966 నాటి చట్టసవరణ, బక్షీసును కనీస వేతనంలో కొంత భాగంగా లెక్కించడానికి హోటల్ యజమానులకు అనుమతినిచ్చింది. ఆ దేశంలో బక్షీసు పొందే ఉద్యోగికి యజమాని చెల్లించవలసిన సమాఖ్య కనీస వేతనం 1991 నుండి గంటకు 2.13 డాలర్ల వద్దనే ఉంది. ఫ్రాన్సులో మాత్రం సేవారుసుమును ప్రదర్శించిన ధరలోనే కలిపి చూపాలన్న నియమం 1987 నుండి ఉంది.

విదేశీ జెండాతో తిరిగే నౌకకు అమెరికా వేతన చట్టం వర్తించదు. అయినా ఆ చట్టం నేలమీద పెంచిన అలవాటు ప్రయాణికునితో పాటు నౌక ఎక్కింది. ఒకప్పుడు యాత్ర చివరిరోజున కవరులో పెట్టి ఇచ్చిన డబ్బు నేడు తలకు రోజుకు సుమారు 16 నుండి 20 డాలర్ల చొప్పున ఖాతాలో దానంతటదే జమకట్టే రుసుముగా మారింది. పేరు బక్షీసే, స్వరూపం మాత్రం జీతానికి నిధి. చాలా నౌకలలో ప్రయాణికుడు కోరితే దానిని తగ్గించుకోవచ్చు. అప్పుడు నష్టపోయేది సంస్థ కాదు, వడ్డించినవారు.

జర్మన్ సంస్థలైన ఐడా, టుయి క్రూజెస్ బక్షీసును టికెట్టు ధరలోనే కలిపాయి. బ్రిటన్‌లో పీ అండ్ ఓ సంస్థ 2019లో విడి సేవారుసుమును రద్దు చేసింది. అయితే ఐరోపా అంతటా ఇదే స్థితి లేదు. ఇటాలియన్ మూలాలున్న ఎమ్మెస్సీ రోజువారీ సేవారుసుమును విధిస్తుంది. కనుక భేదాన్ని ఖండాల మధ్య కాక, ‘ధరలో కలిసిన సేవ’, ‘ధరకు వెలుపలి సేవ’ అనే రెండు విధానాల మధ్య గుర్తించడం సమంజసం.

వడ్డించేవారి రక్షణకు ముఖ్యమైన ఆధారం 2006 నాటి నావికశ్రమ ఒప్పందం. 2013లో అమలులోకి వచ్చిన ఈ అంతర్జాతీయ ఒప్పందం వంటవారిని, వడ్డించేవారిని కూడా నావికులుగానే గుర్తిస్తుంది. రోజుకు కనీసం 10 గంటలు, వారానికి 77 గంటలు విశ్రాంతి ఉండాలన్నది అందులోని ఒక ప్రమాణం. భారతదేశం 2015లో దీనిని ధ్రువీకరించింది. అమెరికా ధ్రువీకరించలేదు. వంటశాల శుభ్రత విషయంలో మాత్రం అమెరికా కఠినంగా ఉంది. అక్కడి వ్యాధి నియంత్రణ కేంద్రం తన రేవులకు వచ్చే విహారనౌకలను ముందస్తు సమాచారం లేకుండా తనిఖీ చేసి 100కు మార్కులు వేస్తుంది. 86 కన్నా తక్కువ వస్తే ఆ నౌక విఫలమైనట్లు లెక్క. తినేవారి ఆరోగ్యానికి ఉన్న ఈ స్పష్టమైన కొలత, వడ్డించేవారి ఆదాయానికి లేదు.

8. భారతీయ సందర్భం

ఈ చర్చ తెలుగు నేలకు పూర్తిగా దూరమైనది కాదు. విశాఖపట్నం రేవులో 2023లో అంతర్జాతీయ క్రూయిజ్ టెర్మినల్ ప్రారంభమైంది. అంతకు ముందు ఏడాదే ఆ రేవుకు వచ్చిన కార్డీలియా సంస్థ నౌక ‘ఎంప్రెస్’ ఒకప్పుడు రాయల్ కరేబియన్‌ది. అమెరికా ప్రయాణికుల కోసం కట్టిన భోజనశాలలో ఇప్పుడు శాకాహార, జైన భోజనాలు వడ్డిస్తున్నారు. నౌక అదే అయినా, ప్రయాణికులు మారితే భోజన పద్ధతి మారుతుందనడానికి ఇంతకంటే దగ్గరి ఉదాహరణ లేదు. హోటల్ నిర్వహణ చదివి నౌకా ఉద్యోగాలకు వెళ్లే యువత, ఒప్పందంలో స్థిర వేతనం ఎంత, బక్షీసుపై ఆధారపడినది ఎంత అన్న విభజనను గుర్తించడం అవసరం.

9. ముగింపు

పై పరిశీలన వల్ల తేలిన అంశాలు ఇవి:

• విహారనౌకలోని భోజన పద్ధతిని నిర్ణయించేది యజమాని జాతీయత కాదు, నౌక ఉద్దేశించిన ప్రయాణికుల అలవాటు.

• లాంఛనం ఐరోపాకు, స్వేచ్ఛ అమెరికాకు చెందినవన్న విభజన చారిత్రకంగా సరికాదు. ఐడా, కునార్డ్ రెండూ ఐరోపా ప్రయాణికుల నౌకలే.

• వంటల క్రమం, భోజనవేళ, నీరు, మద్యం విషయాలలోని భేదాలు నేలమీది హోటళ్ల అలవాట్లకు కొనసాగింపులు.

• అసలు భేదం సేవకు చెల్లింపు జరిగే తీరులో ఉంది. సేవ ధరలో కలిసిన చోట వడ్డించేవారి ఆదాయం సంస్థ బాధ్యత అవుతుంది. ధరకు వెలుపల ఉన్న చోట అది ప్రయాణికుని ఇష్టాయిష్టాలపై ఆధారపడుతుంది.

విహారనౌకల భోజనంపై జరిగే తులనాత్మక అధ్యయనాలు రుచితో, అలంకరణతో ఆగిపోకుండా, పళ్లెం తెచ్చే చేతి వేతనాన్ని కూడా పరిశీలనాంశంగా స్వీకరించినప్పుడే సమగ్రమవుతాయి.