మూసి యుపనదులు - వాగు, నాలా శబ్దముల విచారము

అనంతగిరులఁ బుట్టి, సుమారు 240 కిలోమీటర్లు పాఱి, వాడపల్లికడఁ గృష్ణలోఁ గలియు మూసికి ఉపనదు లెవ్వియని దిల్‌సుఖ్‌నగరమందలి యొక పాఠశాలలో విద్యార్థుల నడిగితిని. ఈసియు నాలేరును అని వెంటనే చెప్పిరి. పాఠశాల గోడవెనుకఁ బాఱు జలమును జూపి, ఇది యేమి యనఁగా, "నాలా" యనిరి. ఆ యొక్కమాటయే యీ వ్యాసమునకుఁ గారణము.

ముందు పెద్దనది పేరు విచారింతము. ముచుకుందశబ్దమే మూసి యైనదని పండితులలో వాడుక. స్థలమాహాత్మ్యమున కది చాలును గాని శబ్దశాస్త్రమునకుఁ జాలదు. వరరుచి ప్రాకృతప్రకాశమునఁ బదాదిని గాని క గ చ జాదులకుఁ బ్రాయికముగా లోపము విధించెను. ఆ మార్గమున ముచుకుందమందలి చకారము లోపింపవలయునే కాని సకారము కారాదు. తెలుఁగున చకారమునకు సకారాదేశము కలదు కదా యందురేమో. అది పరపదము మొదట వచ్చునది, పదమధ్యమున నిట కెట్లు వచ్చును? 'కుంద' యేమైనదో, తొలి యుకారమేల దీర్ఘమైనదో చెప్పవలసియే యున్నది. మూసి, ఈసి యను జంటను మూసా, ఈసా యను ప్రవక్తల పేళ్లతో ముడివెట్టు నగరజనుల మాటయు నిట్టిదే. ప్రాసయే దానికిఁ బ్రమాణము. ఈ పేరు దేశ్యమనుటయే నాకు మేలుగాఁ దోఁచుచున్నది.

1908 సెప్టెంబరు వఱద నగరమును ముంచిన పిదప మూసిపై నుస్మాన్‌సాగరము (1920), ఈసిపై హిమాయత్‌సాగరము (1927) కట్టఁబడినవి. రెండేఱులును లంగరుహౌసుకడ బాపూఘాటువద్దఁ గలిసి, నగరము నడుమఁ బాఱి, చాదర్‌ఘాటు దాఁటి, చైతన్యపురి, నాగోలుల నొరసికొని తూర్పునకుఁ బోవును. చైతన్యపురి తీరమున నృసింహాలయమున్న గుట్టశిలపై బ్రాహ్మీలిపిలోఁ బ్రాకృతశాసన మొకటి కలదు. అందు గోవిందరాజవిహారము పేర్కొనఁబడినది. విష్ణుకుండినులకాలపు దని పరిశోధకులు నిర్ణయించిరి. ఆ భిక్షువులు నదికిఁ జేరువనే యుండియు నీటికందని శిలను వసతిగాఁ గొనిరి. మనవారు వాగునడుమ నిండ్లు గట్టుకొనిరి.

ఏలయన, మీరుపేట, జిల్లెలగూడల చెఱువుల మిగులునీరు సరూర్‌నగరు చెఱువునకును, దాని యలుగునీరు కోదండరామనగరము, చైతన్యపురి ప్రాంతములమీఁదుగా మూసికిని జేరును. ఎల్‌.బి. నగరమువైపు బండ్లగూడ, నాగోలు చెఱువుల నీరును మూసికే పోవును. వేఱొక ప్రవాహమునఁ గలియు ప్రవాహము ఉపనది యనునపుడు వీనికి మాత్ర మా పేరేల లేకపోవలెను?

తెలుఁగున ప్రకృతిసిద్ధమగు ప్రవాహము వాగు, త్రవ్వినది కాలువ, చెఱువు నిండి పొరలుచోటు అలుగు. ఈ భేదము రైతునకు సహజముగాఁ దెలియును. హిందుస్తానీ 'నాలా' యన్ననో కొండవాగునకును మురుగుకాలువకును సమానమే. బోలుకాఁడ యను నర్థముగల సంస్కృత నాలశబ్దముతో దానికి సంబంధము చెప్పుదురు. మనము మాటను దెచ్చికొని, మొదటి యర్థమును విడిచి, రెండవదానినే నిలుపుకొంటిమి. అర్థసంకోచమునకుఁ దగిన యుదాహరణమే. కాని దీని ఫలము నిఘంటువులో నాఁగలేదు. మురుగుకాలువ యనుకొన్నదానిని ఇఱుకు చేయవచ్చును, కప్పవచ్చును, దానిపైఁ గట్టవచ్చును. వాగు నట్లు చేయుటకు జంకు పుట్టును. 2020 అక్టోబరు 13 రాత్రి కుంభవృష్టి కురియఁగా సరూర్‌నగరు చెఱువు దిగువ వీథులలో నీ రిండ్లఁ జొచ్చినది. నీరు దారి తప్పి వచ్చినదని పలువు రనుకొనిరి. తన దారినే వచ్చినది.

మఱువారము ఆ విద్యార్థులచేతనే మూసిపటమును వ్రాయించితిని. ఈసి, ఆలేరులతోఁబాటు గోడవెనుకటి ప్రవాహమును గీచి, దానిప్రక్క 'సరూర్‌నగరు వాగు' అని వ్రాసికొనిరి.