ఎందరిలో ఎందరు?

మహమ్మారి వేళ మనము రేడియోలో విను ప్రతి లెక్కను 'ఎందరిలో ఎందరు?' అని ప్రశ్నింపవలెను.

2020 డిసెంబరు నాటికి మన దేశమున నమోదైన కోవిడ్ కేసులు సుమారు 1 కోటి. ఆ నెలలోను, 2021 జనవరి మొదటను జరిగిన జాతీయ రక్తపరీక్షలలో, పదేండ్లు నిండినవారిలో నూటికి 21 మందికి వ్యాధి సోకిన గుర్తులు కనబడినవి. అనగా సోకినవారు 20 కోట్లకు పైమాటే. ఈ లెక్కన మరణముల నిష్పత్తి తగ్గెను, భయమును తగ్గెను.

కాని తక్కిన 79 మంది మాటయేమి? 2021 ఏప్రిల్, మే నెలలలో వ్యాధి క్రొత్త రూపమున విజృంభింపగా ఆసుపత్రులలో ప్రాణవాయువు చాలకపోయెను. స్వల్పమైన నిష్పత్తియు కోట్లమందికి వర్తించినచో పెద్ద సంఖ్యయే యగును.

కావున సోకినవారెందరు, సోకనివారెందరు, ఆసుపత్రులలో పడకలెన్ని అను మూడింటిని కలిపి చూచియే జాగ్రత్తల మోతాదును నిర్ణయించుకొనవలెనని మా మనవి.